బ్రీత్ ఎనలైజర్ నంబర్‌ని ఎంతవరకు నమ్మాలి?

డ్రంక్ అండ్ డ్రైవ్ తనిఖీలో దొరికినవాళ్లలో చాలామంది మొదట అనే మాట "మిషన్ తప్పు చూపిస్తోంది" అని. ఒక్కోసారి అది నిజమే కావచ్చు కూడా. అయితే ఎక్కడ తప్పుతుందో తెలిస్తేనే ఆ మాటకి బలం ఉంటుంది.

బ్రీత్ ఎనలైజర్ రక్తాన్ని కొలవదు, ఊపిరిని కొలుస్తుంది. ఊపిరితిత్తుల లోతు నుంచి వచ్చే 2100 మిల్లీలీటర్ల గాలిలో ఎంత ఆల్కహాల్ ఉంటుందో ఒక మిల్లీలీటరు రక్తంలోనూ అంతే ఉంటుందని లెక్కగట్టి నంబర్ చూపిస్తుంది, చాలా దేశాల్లో వాడే లెక్క ఇదే. కానీ అది సగటు, మనిషి మనిషికీ కొంత తేడా వస్తుంది.

దీనికంటే పెద్ద చిక్కు నోట్లో మిగిలిపోయిన ఆల్కహాల్. అప్పుడే ఒక గుక్క తాగి ఉన్నా, ఆల్కహాల్ ఉన్న మౌత్‌వాష్‌తో పుక్కిలించినా, తాగిన తర్వాత త్రేన్పు వచ్చినా రీడింగ్ అమాంతం పెరిగిపోతుంది. పరిష్కారం మాత్రం చాలా తేలిక: 15 నిమిషాలు ఏమీ నోట్లో పెట్టుకోనివ్వకుండా ఆగి మళ్లీ ఊదించడమే. ఒక మనిషి లైసెన్సు, ఒక్కోసారి ఉద్యోగం కూడా ఆ నంబర్ మీద ఆధారపడి ఉన్నప్పుడు ఈ 15 నిమిషాలు ఇవ్వాల్సిందే, అనుమానం ఉంటే రక్త పరీక్ష కూడా చేయాల్సిందే. ఇందులో బేరం ఉండకూడదు.

నాకు అసలు భయం వేసేది జేబులో పెట్టుకునే చవక మీటర్లంటే. వాటిలో చాలావాటికి సెమీకండక్టర్ సెన్సర్ ఉంటుంది, పోలీసులు ఎక్కువగా వాడే ఫ్యూయల్ సెల్ పరికరాలంత కచ్చితంగా అది ఆల్కహాల్‌ని గుర్తించలేదు, ఊపిరిలో సహజంగానే కొంత ఉండే అసిటోన్ అనే రసాయనం లాంటివాటికీ స్పందిస్తుంది. సరే, మీటర్ మంచిదే అనుకుందాం. చివరి గ్లాసు పూర్తయ్యాక కూడా అరగంట, గంట, కడుపు నిండా తిని ఉంటే ఇంకా ఎక్కువసేపు రక్తంలో ఆల్కహాల్ పెరుగుతూనే ఉండొచ్చు. బయల్దేరేటప్పుడు లిమిట్ లోపల ఉన్నవాడు దారి మధ్యలో లిమిట్ దాటేస్తాడు.

పైగా ఆ లిమిట్ అన్నిచోట్లా ఒకటి కాదు. 100 మిల్లీలీటర్ల రక్తానికి ఇండియాలో 30 మిల్లీగ్రాములు, ఇంగ్లండ్‌లో 80. స్కాట్లాండ్ 2014లో 80 నుంచి 50కి దించింది. సరిహద్దు దాటితే చట్టం మారుతుంది కానీ బ్రేక్ మీదికి కాలు వెళ్లడానికి పట్టే టైమ్ మారదు కదా.

మర్నాడు పొద్దున సంగతి చాలామంది లెక్కలోకే తీసుకోరు. 100 మిల్లీలీటర్ల రక్తంలో ఆల్కహాల్ గంటకి సగటున 15 మిల్లీగ్రాముల చొప్పున తగ్గుతుంది, కాఫీ తాగినా చన్నీళ్ల స్నానం చేసినా అది వేగం పెంచదు. అర్ధరాత్రి 150 దగ్గర ఉన్నవాడికి ఉదయం 6 గంటలకి ఇంకా 60 ఉంటుంది, అంటే హాయిగా నిద్రపోయి లేచినా స్కాట్లాండ్‌లో కేసే, ఇండియాలో అయితే లిమిట్‌కి రెట్టింపు.