కత్తి ఎటు పక్క కట్టుకోవాలి?

ఈరోజు ఆదివారం. పొద్దున ఆరింటికే నార్పల దగ్గరి మా చీనీ (బత్తాయి) తోటకు పోయాను. ఉడుతలు కొరికిన డ్రిప్ పైపులు కోసి జాయినర్లు వేయాలి, చెట్లలో ఎండు పుల్లలు తీయాలి. ఇవన్నీ రోజూ ఉండే పనులే. కత్తి ఒరను బెల్టుకు ఎటు పక్క తగిలించుకోవాలన్నదే వారం నుంచీ తేలలేదు.

మా ఊరి కొలిమిలో లారీ కమాన్ పట్టాతో చేయించుకున్న కత్తి ఇది. తుమ్మకొయ్య పిడి, నాలుగంగుళాల అలుగు. మడత చాకైతే సందులో ఇసుక చేరి బిగుసుకుపోతుందని దీన్ని చేయించాను.

మొదట కుడి తుంటి మీద నిటారుగా కట్టుకున్నాను. నిలబడినంతసేపు బాగానే ఉంది, చేయి కిందికి వదిలితే పిడి అందుతుంది. బండెక్కితే మాత్రం డొక్కలో పొడుస్తుంది. గొంతుక్కూర్చుంటే ఒర కొన నేలకు ఆని మొత్తం పైకి లేస్తుంది. గురువారం అట్లా లేచినప్పుడే టిచ్ బటన్ ఊడి, కత్తి ఎక్కడో జారిపోయింది. పాదుల్లో ఎండాకులు తోస్తూ అరగంట వెతికాను. పక్క చేని పిల్లలు చెప్పుల్లేకుండా వచ్చి కాయలు ఏరుకునే చోటది. దొరికిందాకా నాకు ఒకటే టెన్షన్.

శుక్రవారం నడుము వెనక అడ్డంగా పెట్టి చూశాను. వంగినా కూర్చున్నా తగలదు, చెట్టు కింద దూరితే కొమ్మలకు పట్టుకోదు. ఇదే సరైనదనుకున్నాను. పది గంటలప్పుడు తడి పాదులో కాలు జారి వెల్లకిలా పడబోయి, కొమ్మ పట్టుకుని నిలబడ్డాను. పడి ఉంటే ఆ గట్టి పిడి సరిగ్గా వెన్నుపూస కిందికి వచ్చేది. పైగా కత్తిని మళ్లీ ఒరలో పెట్టాలంటే చూడకుండా వెనక తడుముకోవాలి. వేలు తెగడానికి ఒక్కసారి చాలు. ఆ పద్ధతి అంతటితో వదిలేశాను.

నిన్న అనంతపురంలో టవర్ క్లాక్ దగ్గర చెప్పులు కుట్టే పెద్దాయనకు ఒర చూపించాను. "ఏమప్పా, నువ్వు నిలబడి చేసే పని ఎక్కువా, కూర్చుని చేసేది ఎక్కువా?" అన్నాడు. ఆ ప్రశ్న నాకెందుకు తట్టలేదో! నా పని సగం పైగా కూర్చునే. ఆయన పాత లూపు విప్పేసి ఏటవాలుగా కొత్తది కుట్టాడు. బెల్టు ఒకటిన్నర అంగుళం, పాత లూపు రెండంగుళాలు ఉండేది, అందుకే ఊగేదట. కత్తి అంచు ఒర కుట్టును కోయకుండా లోపల సన్నటి తోలు పట్టీ కూడా వేశాడు. ఆ పనితనం ఎంత చూసినా తనివి తీరలేదు.

ఈరోజు ఎడమ తుంటి ఎముకకు కొంచెం ముందు, పిడి కుడిచేతి వైపు వాలేలా కట్టుకున్నాను. బండి మీద కూర్చున్నా, పైపు దగ్గర గొంతుక్కూర్చున్నా ఒళ్లో ఉన్నట్టే ఉంది. ఒక్క జాగ్రత్త ఉంది. తీసేటప్పుడు అలుగు అడ్డంగా ముందుకొస్తుంది కాబట్టి, ఎదుట మనిషి ఉంటే పక్కకు తిరిగి తీస్తున్నాను.

సాయంత్రం బయలుదేరేముందు అమ్మ, "ఊర్లోకి పోయేటప్పుడు అది తీసి సంచిలో పెట్టు నాయనా" అంది. అలుగు 9 అంగుళాల కంటే పొడవో, 2 అంగుళాల కంటే వెడల్పో ఉన్న కత్తులనే ఆయుధాల నిబంధనలు పట్టించుకుంటాయి, సేద్యం పనిముట్లను అందులోనూ మినహాయించారు. ఆ మాట అమ్మతో అనలేదు. ఫ్యాక్షన్ రోజులు చూసిన మనిషి. మా సీమలో నడుముకు కత్తితో ఎవరైనా వస్తుంటే తలుపులు వేసుకున్న ఇళ్లు ఆమెకు తెలుసు. తీసి సంచి అడుగున పెట్టాను.

రాత్రి అలుగు మీద చీనీ రసం మరకలు తుడిచి, మిషన్ నూనె రాశాను. తోలు చెమ్మ పట్టి తుప్పు తెస్తుందని ఒరను విడిగా మేకుకు తగిలించాను. టిచ్ బటన్ ఇంకా వదులుగానే ఉంది. రేపు దాని బదులు తోలు దారం కట్టాలి.