బాండు పేపరు మీద దత్తత ఉండదు

దేవరకొండ, అచ్చంపేట, నారాయణపేట దిక్కున ఒక మాట ఇంకా నడుస్తూనే ఉంది. ఫలానా దవాఖానలో ఆడపిల్ల పుట్టిందట, ఇంటోళ్లు సాదలేమంటున్నారట, వంద రూపాయల బాండు పేపరు మీద సంతకాలు తీసుకుంటే బిడ్డ మనదే అయిపోతుందట. అట్లా కాదు. నోటరీ ముద్ర వేసినా, ఊరి పెద్దలు పది మంది సాక్షి సంతకాలు పెట్టినా అది దత్తత కాదు. 2015 బాలల న్యాయ చట్టం ప్రకారం అనాథ బిడ్డనో, వదిలేసిన బిడ్డనో పద్ధతి తప్పి ఇచ్చినా పుచ్చుకున్నా మూడేళ్ల వరకు జైలు, లేదా లక్ష రూపాయల జరిమానా, లేదా రెండూ. డబ్బు చేతులు మారితే అది అమ్మకం, అయిదేళ్ల వరకు కఠిన శిక్ష. ఆ పని చేసింది దవాఖాన సిబ్బంది అయితే మూడు నుంచి ఏడేళ్లు.

శిక్ష కంటే పెద్ద నష్టం బిడ్డకు జరుగుతుంది. జనన ధ్రువపత్రంలో కన్నతల్లి పేరు ఒకటి, ఇంట్లో అమ్మ ఇంకొకరు. బడిలో చేర్పించేటప్పుడో ఆధార్ తీసేటప్పుడో అది బయటపడుతుంది. అప్పటికి ఆ బిడ్డకు మూడో నాలుగో ఏళ్లు, తెలిసిన ఒడి ఈ ఒక్కటే. కేసు నమోదైతే ఆ ఒడిలోంచి తీసి శిశు గృహకు పంపుతారు. వాట్సాప్‌లో బిడ్డ ఫోటో పెట్టి "అనాథ పాప, కావాల్సినవాళ్లు ఫోన్ చేయండి" అని తిప్పడమూ నేరమే. సంరక్షణ అవసరమైన పిల్లల గుర్తింపు బయటపెడితే ఆరు నెలల వరకు జైలు, రెండు లక్షల వరకు జరిమానా ఉన్నాయి. అట్లాంటి మెసేజ్ వస్తే ముందుకు పంపకుండా బాలల సహాయ నంబరు 1098కి ఫోన్ చేయండి. దొరికిన బిడ్డను ప్రయాణ సమయం పోను 24 గంటల్లో బాలల సంక్షేమ సమితి ముందు చూపించాలి. ఆదివారమైనా, సమితి కూర్చోని రోజైనా ఒక సభ్యుని ఎదుట చూపించవచ్చు.

సాదలేని తల్లికీ చట్టంలో దారి ఉంది. సమితి ముందుకు వచ్చి బిడ్డను అప్పగించవచ్చు. పెళ్లయినవాళ్లయితే భార్యాభర్తలిద్దరూ సంతకం చేయాలి. పెళ్లి కాని తల్లి అయితే ఆమె సంతకం చాలు. పేరు బయటికి పొక్కనీయరు. మనసు మార్చుకోవడానికి రెండు నెలలు గడువుంటుంది, ఆలోపు వచ్చి బిడ్డను వెనక్కి తీసుకుపోవచ్చు. ఈ సంగతి కాన్పు వార్డులోనే తల్లికి చెప్పాల్సింది. ఆశా కార్యకర్తలకూ అంగన్‌వాడీ టీచర్లకూ నా విన్నపం ఇదే: మధ్యవర్తి మంచం దగ్గరికి రాకముందే ఈ రెండు నెలల మాట ఆమె చెవిన వేయండి. 1999–2001 మధ్య చందంపేట, దేవరకొండ తండాల ఆడశిశువుల అమ్మకాలు దేశమంతా వార్త అయ్యాయి. పేదరికాన్నీ వరకట్న భయాన్నీ అడ్డుపెట్టుకుని లాభపడింది మధ్యవర్తులైతే నింద మోసింది తండాలు.

అసలు ఆ బిడ్డకు కొత్త అమ్మానాన్నలు కావాలా, ఉన్న ఇంటికే కొంత ఆసరా కావాలా అని ముందు చూడాలి. పాలమూరులో చాలా ఇళ్లకు రెండోదే కావాలి. తండ్రి పోయి తల్లి ఒంటరిగా కూలి చేస్తున్నా, ఇద్దరూ పోయి అమ్మమ్మ సాదుతున్నా కేంద్ర పథకం మిషన్ వాత్సల్య కింద స్పాన్సర్‌షిప్ ఉంది. ఒక్కో బిడ్డకు నెలకు 4,000 రూపాయలు. కుటుంబ ఆదాయం పల్లెల్లో ఏడాదికి 72,000, పట్టణాల్లో 96,000 దాటకూడదు. మరణ ధ్రువపత్రం, మీసేవలో తీసుకున్న ఆదాయ ధ్రువపత్రం, ఆధార్, బడి బోనఫైడ్, బ్యాంకు పాస్‌బుక్ పట్టుకుని జిల్లా బాలల పరిరక్షణ విభాగానికి వెళ్లాలి. ఎక్కువగా ఆగేది మరణ ధ్రువపత్రం దగ్గరే. ముంబైలోనో పుణెలోనో పనికిపోయినచోట మనిషి చనిపోతే మరణం అక్కడే నమోదవుతుంది, పత్రం అక్కడి నుంచే తెచ్చుకోవాలి. శవాన్ని ఊరికి తెచ్చే తొందరలో దాన్ని మరిచిపోతారు. తర్వాత ఆ ముసలమ్మ అంత దూరం పోలేదు.

సొంతవాళ్ల మధ్య దత్తత వేరే సంగతి. అన్న బిడ్డను తమ్ముడు పెంచుకోవాలంటే 1956 హిందూ దత్తత చట్టం కింద ఇచ్చిపుచ్చుకుని, దత్తత పత్రం సబ్ రిజిస్ట్రార్ దగ్గర రిజిస్టర్ చేయించుకోవచ్చు. సాధారణంగా బిడ్డకు 15 ఏళ్లు నిండి ఉండకూడదు. కొడుకున్నవాళ్లు మగపిల్లాణ్ని, కూతురున్నవాళ్లు ఆడపిల్లను ఈ చట్టం కింద తీసుకోలేరు. భార్య సమ్మతి తప్పనిసరి. ఇక్కడ మన జిల్లాలకు ముఖ్యమైన విషయం ఒకటుంది. కేంద్రం ప్రత్యేకంగా నోటిఫై చేస్తే తప్ప ఆ చట్టం షెడ్యూల్డ్ తెగలకు వర్తించదు. లంబాడా, చెంచు కుటుంబాలు ఆ పత్రాన్ని నమ్ముకుంటే రేపు ఆస్తి దగ్గర తగాదా రావచ్చు. వాళ్లకు బాలల న్యాయ చట్టం కింద బంధువుల దత్తతే గట్టి దారి. బాబాయి, మేనత్త, మేనమామ, పిన్ని, తాత, నానమ్మ, అమ్మమ్మ లాంటివాళ్లు దత్తతలు చూసే కేంద్ర సంస్థ కారా పోర్టల్‌లో నమోదై, పరిరక్షణ విభాగం ద్వారా కలెక్టర్ ఉత్తర్వు తెచ్చుకోవాలి. అయిదేళ్లు దాటిన బిడ్డ సమ్మతి కూడా కావాలి.

ఫోస్టర్ కేర్ అంటే బిడ్డను ఇంట్లో పెట్టుకుని పెంచడమే తప్ప బిడ్డ మనదైపోవడం కాదు. ఆరేళ్లు దాటి, దత్తతకు పోయే అవకాశం లేని పిల్లల కోసం ఇది. ఇంటిపేరు మార్చడానికి లేదు. సమితి ప్రతి నెలా చూసిపోవాలని చట్టం చెబుతోంది. నెలకు 4,000 రూపాయలు బిడ్డ ఖర్చులకు ఇస్తారు. 2024 మార్గదర్శకాల తర్వాత 35 నుంచి 60 ఏళ్ల ఒంటరి వ్యక్తులు కూడా దరఖాస్తు చేసుకోవచ్చు, కాకపోతే ఒంటరి మగవాళ్లకు ఆడపిల్లను ఇవ్వరు. రెండేళ్లు అదే ఇంట్లో ఉన్న బిడ్డను, చట్టపరంగా దత్తతకు వీలైతే, ఆ కుటుంబమే దత్తత తీసుకోవచ్చు. ఇంతకుముందు ఇది అయిదేళ్లు ఉండేది.

ఇక బయటి బిడ్డను దత్తత తీసుకోవాలంటే ఆ కారా పోర్టల్ ఒక్కటే దారి. పెళ్లయి రెండేళ్లు కావాలి, బిడ్డకూ మీకూ కనీసం 25 ఏళ్ల తేడా ఉండాలి. రెండేళ్లలోపు బిడ్డ కావాలంటే భార్యాభర్తల వయసు కలిపి 85 దాటకూడదు. రెండు నుంచి నాలుగేళ్ల బిడ్డకు 90, నాలుగు నుంచి ఎనిమిదికి 100, ఆపైన 110. పాన్ కార్డు, పుట్టిన తేదీ రుజువు, ఆదాయ, నివాస పత్రాలు, పెళ్లి ధ్రువపత్రం, డాక్టర్ ఇచ్చిన ఆరోగ్య పత్రం నమోదైన 30 రోజుల్లో అప్‌లోడ్ చేయాలి. ఆధార్‌లో ఇంటిపేరు ముందు, పాన్‌లో వెనక ఉంటే ముందే సరిచేయించుకోండి.

నెట్ సెంటర్‌లో నమోదు చేయించుకునేవాళ్లు ఒకటి గట్టిగా గుర్తుంచుకోవాలి. ఫోన్ నంబరు, ఈమెయిల్ మీవే ఇవ్వండి, పాస్‌వర్డ్ రాసిపెట్టుకోండి. సెంటర్ అబ్బాయి తన మెయిల్ పెట్టేస్తే మూడేళ్ల తర్వాత వచ్చే సందేశం అతనికి పోతుంది. బిడ్డ వివరాలు వచ్చాక రిజర్వ్ చేసుకోవడానికి ఉండేది 48 గంటలే. చిన్న బిడ్డ కోసం నిరీక్షణ మూడేళ్లు దాటుతోంది. సోషల్ వర్కర్ మీ ఇంటికొచ్చి చూసి రాసే ఇంటి పరిశీలన నివేదిక చెల్లేది కూడా మూడేళ్లే. గడువుకు ముందే తిరగరాయించుకోకపోతే మీ వంతు వచ్చేనాటికి అది చెల్లకుండా పోయి ఉంటుంది. పెద్ద పిల్లలనో, అక్కాతమ్ముళ్లను కలిపో తీసుకుంటామంటే నిరీక్షణ చాలా తగ్గుతుంది.

పరిశీలనకు వచ్చే సోషల్ వర్కర్ సొంతిల్లుందా అని చూడరు. ఇద్దరికీ ఇష్టమేనా, ఇంట్లో పెద్దవాళ్లేమంటున్నారు, పిల్లలు లేరన్న దుఃఖం కొంతైనా తీరిందా అని చూస్తారు. జబ్బులు దాచొద్దు. ఫీజు నిబంధనల్లో ఉన్నంతే, రసీదుతోనే కట్టాలి. పని తొందరగా చేయిస్తానని నగదు అడిగినవాళ్లను దగ్గరికి రానివ్వొద్దు. 2022 సెప్టెంబర్ 1 నుంచి దత్తత ఉత్తర్వు ఇచ్చేది కోర్టు కాదు, జిల్లా మేజిస్ట్రేట్ హోదాలో కలెక్టర్. ఉత్తర్వు వచ్చాక మీ పేర్లతో జనన ధ్రువపత్రం ఇస్తారు.

బిడ్డ ఇంటికొచ్చిన కొత్తలో చుట్టాలందరినీ పిలిచి బువ్వలు పెట్టకండి. ఆరేడేళ్ల పిల్ల అయితే పేరు మార్చకండి. దిండు కింద రొట్టెముక్క దాచుకోవడం, పక్క తడపడం, కావాలని మొండికేయడం మామూలే. మళ్లీ ఎక్కడికో పంపేస్తారన్న భయం అది. రెండేళ్లపాటు ఆరు నెలలకోసారి ఫాలోఅప్‌కు వస్తారు. బిడ్డను తీసుకుపోతారేమోనని ఆ రోజు అంతా బాగుందనే చెబుతారు చాలామంది. పక్క తడుపుతోందనీ, బడికి పోనంటోందనీ ఉన్నదున్నట్టు చెప్పండి, కౌన్సెలింగ్ ఇప్పించడం వాళ్ల బాధ్యత. దత్తత సంగతి బిడ్డకు మాటలొచ్చినప్పటి నుంచే, మీ నోటితోనే తెలియాలి. తండాలోనో వాడకట్టులోనో అది దాగదు, బడిలో ఎవరో ఒకరు అనేస్తారు.