మార్చే బ్లేడా, నూరే కత్తా?

నవంబరు దగ్గరపడుతోందంటే నాకు ఫోన్లు మొదలవుతాయి. "అన్నా, బ్లేడు మార్చుకునే కత్తి కొనమంటావా, మామూలు వేటకత్తి కొనమంటావా?" అడిగేవాళ్లు అమెరికాలోని విస్కాన్సిన్‌లో ఉద్యోగాలు చేసుకుంటున్న మన తెలుగు కుర్రాళ్లే. ఆఫీసులో తోటివాళ్లు రమ్మంటే చూద్దామని అడవికి వెళ్లి, ఆసక్తి పుట్టి, హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు చేసి లైసెన్స్ తీసుకున్నవాళ్లు. 1973 జనవరి 1న, లేదా ఆ తర్వాత పుట్టినవాళ్లకు మామూలుగా ఆ కోర్సు లేకుండా ఇక్కడ లైసెన్స్ ఇవ్వరు. నన్నే అడగడానికి కారణం నా పని. నేను మాంసం కోసే షాపులో చేస్తాను. ఏడాదంతా ఆవులు, పందులు. నవంబరు చివర్లో వచ్చే థాంక్స్‌గివింగ్‌కు ముందు శనివారం తుపాకీ సీజన్ మొదలైందంటే ఆ తొమ్మిది రోజులూ, ఆ తర్వాత ఇంకొన్ని వారాలూ జింకలే.

నేను వేటకు వెళ్లను. కానీ అడవిలో ఏ కత్తి ఏం చేసిందో మాంసం చూస్తే తెలిసిపోతుంది. జింకను హుక్కుకు వేలాడదీయగానే ముందు పొట్ట మీది గాటు చూస్తాను. నున్నగా ఒకే గీతలా ఉంటే కత్తి పదునుగా ఉన్నట్టు. అంచులు పీచుపీచుగా చిరిగి, మాంసం నిండా వెంట్రుకలు అంటుకుని ఉంటే మొద్దు కత్తితో రంపంలా లాగారన్నమాట. లోపల, వెన్ను కింద రెండు పక్కలా ఉండే టెండర్‌లాయిన్ ఆకుపచ్చ మరకలు పడి వాసన వేస్తుంటే కత్తి మొన పొట్టలోకి దిగింది. జింక ఒంట్లో అన్నిటికన్నా మెత్తటి మాంసం అది. దాన్ని కోసి పారేయాల్సి వస్తే ప్రాణం ఉసూరుమంటుంది. చలిలో తెల్లవారకముందే వెళ్లి కూర్చుని దాన్ని తెచ్చుకున్న మనిషి కౌంటర్ అవతలే నిలబడి ఉంటాడు. వేటలో దొరికిన జింక మాంసం అమ్మడానికి వీల్లేదు కాబట్టి మేం కట్టే ప్రతి పొట్లం మీదా 'నాట్ ఫర్ సేల్' అన్న ముద్ర వేస్తాం. ఆ పొట్లాలన్నీ ఆ ఇంటివాళ్లు తినడానికే.

జింక పడిన క్షణం నుంచి మాంసాన్ని పాడుచేసేది దాని ఒంటి వేడే. దట్టమైన తోలు ఆ వేడిని బయటికి పోనివ్వదు. మాంసం 4 డిగ్రీల సెల్సియస్‌కు ఎంత త్వరగా దిగితే అంత మంచిది. అందుకే పడిన చోటే పొట్ట తెరిచి లోపలివన్నీ తీసేస్తారు. తోలు తెరవాలి, వెనక మలద్వారం చుట్టూ కోసి వదులు చేయాలి, ఛాతీకీ పొట్టకూ మధ్య ఉండే డయాఫ్రమ్ పొర కోయాలి, మోచేతి దాకా చెయ్యి లోపలికి పెట్టి గొంతుగొట్టం తెంపాలి. బండి దాకా మోసుకెళ్లే దూరం ఎక్కువైతే కాళ్లు విడదీయాలి. వీటిలో ఏ రెండు కోతలూ ఒకలాంటివి కావు. రెండు కత్తుల తేడా అంతా ఇక్కడే బయటపడుతుంది.

బ్లేడు మార్చుకునే కత్తి ఆపరేషన్ థియేటర్ నుంచి వచ్చింది. పిడి అదే ఉంచి బ్లేడు మాత్రం మార్చుకునే స్కాల్‌పెల్‌కు మోర్గన్ పార్కర్ అనే అమెరికన్ 1915లో పేటెంట్ తీసుకున్నాడు. బార్డ్-పార్కర్ పేరుతో ఆ పిడి ఈనాటికీ సర్జన్ల చేతుల్లో ఉంది. వేటగాళ్లలో బాగా పేరున్న హావలాన్ కంపెనీ కూడా సిన్సినాటీలో సర్జికల్ బ్లేడ్లు అమ్మే సంస్థ నుంచి పుట్టిందే. వాళ్ల పిరాంటా కత్తికి 2¾ అంగుళాల బ్లేడు. పదును తగ్గిందనిపిస్తే పీకేసి కొత్తది పెట్టుకుంటారు. జేబులో వేసుకుంటే బరువే తెలియదు.

తోలు ఒలవడంలో దాన్ని మించింది లేదని నేను ఒప్పుకుంటాను. తోలుకూ మాంసానికీ మధ్య తెల్లటి పలచటి పొర ఒకటి ఉంటుంది. ఒక చేత్తో తోలు బిగలాగి పట్టుకుని ఈ బ్లేడు ఆనిస్తే చాలు, ఆ పొర దానంతటదే విడిపోతూ పోతుంది. తల గోడకు పెట్టించుకోవాలనుకునేవాళ్లు కళ్ల చుట్టూ, పెదాల దగ్గర, చెవుల దగ్గర తోలు తీయించేది ఇలాంటి బ్లేడుతోనే. ముందు కాలు విడదీయడానికీ ఇది చాలు. జింక ముందు జబ్బకు ఒంటితో ఎముక బంధమేమీ ఉండదు, కండలే పట్టుకుని ఉంటాయి. కాలు పైకెత్తి చంక లోపల గీసుకుంటూ పోతే ఊడి చేతికొచ్చేస్తుంది.

వెనక కాలు అంత తేలిగ్గా రాదు. తొడ ఎముక తల గుండ్రంగా తుంటి ఎముక గిన్నెలో కూర్చుని ఉంటుంది, లోపల గట్టి నరంలాంటి బంధం దాన్ని పట్టి ఉంచుతుంది. ఆ బంధం తెగాలంటే కత్తి మొన సందులోకి దించాలి. అలవాటు లేని చెయ్యి అక్కడ కత్తిని మెలిపెడుతుంది. మిల్లీమీటరు మందం కూడా లేని బ్లేడు ఆ మెలికకు ఆగదు, పుటుక్కున విరిగిపోతుంది.

ఒక సీజన్‌లో పెద్ద మగ జింక వచ్చింది, అడవిలోనే కాళ్లు విడదీసి తెచ్చారు. వెనక తొడ బల్ల మీద పెట్టుకుని ఎముక తీస్తున్నాను. షాపులో మేం వాడేది ఆరంగుళాల బోనింగ్ కత్తి. ఎముక తల చుట్టూ తిప్పుతుంటే మొన ఎక్కడో కిర్రుమంది. ఎముకకు తగిలితే మొద్దు చప్పుడు వస్తుంది. ఇది సన్నగా, పళ్లు జిల్లుమనేలా ఉంది. కత్తి పక్కన పెట్టి, ఎడమ చేతికి ఉన్న స్టీల్ జాలీ గ్లవ్‌తోనే కండ విప్పి చూశాను. చిటికెన వేలి గోరంత ఉక్కు ముక్క, మొన పక్క వాదర ఇంకా తళతళమంటోంది. నేను చూడకపోతే ఆ కండ వెళ్లేది గ్రైండర్‌లోకి. మాది చిన్న షాపు, మెటల్ డిటెక్టర్ లేదు. ఆ పొట్లం ఎవరి ఇంట్లో విప్పేవాళ్లో, ఎవరి పిల్లలు తినేవాళ్లో అనుకుంటే ఒళ్లు జలదరించింది. యజమాని వెంటనే ఫోన్ చేశాడు. "అవును, విరిగింది. మంచులో ఎక్కడో పడిపోయిందనుకున్నాను" అన్నాడు ఆ వేటగాడు. ఆయన్ని తిట్టాలనిపించలేదు. చీకటి పడిపోతుంటుంది, నుదుటి మీది ల్యాంపు వెలుతురే దిక్కు, చేతులనిండా రక్తం, కొవ్వు, వేళ్లు కొంకర్లు పోయి ఉంటాయి. అంత చిన్న ముక్క కోసం ఎక్కడని వెతుకుతాడు?

ఇంకో ఇబ్బంది ఆ పదునులోనే ఉంది. మామూలు కత్తి తోలు దాటినప్పుడు, దాని కింది కండ పొర దాటినప్పుడు చేతికి తెలుస్తుంది. సర్జికల్ బ్లేడుకు తోలు, కండ, పొట్ట అన్నీ ఒకటే, ఏదీ అడ్డు చెప్పదు. కొత్తవాళ్లు పొట్ట చీల్చుకునేది ఇందుకే. వాదర పైకి తిప్పి, ఎడమ చేతి రెండు వేళ్లు పొట్టకూ బ్లేడుకూ మధ్య ఉంచి, లోపలి నుంచి బయటికి కోయమని అనుభవం ఉన్నవాళ్లు చెబుతారు. అలా కోస్తే వెంట్రుకలు కూడా తెగకుండా పక్కకు తప్పుకుంటాయి. సరే, ఆ వేళ్లు బ్లేడుకు ఎంత దగ్గర్లో ఉన్నాయో ఊహించండి. గొంతుగొట్టం తెంపేటప్పుడైతే కళ్లకు ఏమీ కనబడదు, ఒక చెయ్యి గొట్టాన్ని పట్టుకుంటే రెండోది తడుముకుంటూ కోస్తుంది. ఆ చోట నేనైతే సర్జికల్ బ్లేడు వాడను, ఎవర్నీ వాడనివ్వను. బ్లేడు మార్చడమూ అంతే. గడ్డకట్టే చలిలో, జారిపోయే చేతులతో, వేళ్లతోనే పీకబోయి కుట్లు వేయించుకున్నవాళ్లు మా కౌంటర్ దగ్గరికి వస్తూనే ఉంటారు. చిన్న ప్లయర్ ఒకటి జేబులో ఉండాలి.

మామూలు వేటకత్తి సంగతికొస్తే, బక్ 110 అన్న మడత కత్తి 1964 నుంచీ వస్తోంది. 3¾ అంగుళాల బ్లేడు, తెరిస్తే లాక్ పడుతుంది. తాతల కాలం నాటిది అరిగి సన్నబడినా మనవలు అదే పట్టుకొస్తారు. నాకు మాత్రం మడత కత్తి కన్నా పిడిలో స్థిరంగా ఉండే కత్తే నచ్చుతుంది. మడత సందులో చేరిన రక్తం, కొవ్వు కడగడం ప్రాణసంకటం. డ్రాప్ పాయింట్ ఆకారం ఉంటే మరీ మంచిది. వీపు భాగం మొన వైపు కొద్దిగా కిందికి వంగుతుంది, దాంతో మొన అదుపులో ఉంటుంది, పొట్టలోకి దిగే ప్రమాదం తగ్గుతుంది. ఆ ఆకారాన్ని వేటగాళ్లలో బాగా ప్రచారంలోకి తెచ్చినవాడు బాబ్ లవ్‌లెస్ అనే అమెరికన్ కత్తుల తయారీదారు. బ్లేడు నాలుగంగుళాలకు మించనక్కర్లేదు. ఆరేడంగుళాల కత్తి నడుముకు కట్టుకుని వచ్చేవాళ్లను చూస్తాను, ఆ పొడుగు జింక లోపల తిరగదు. వీపు మూడు మిల్లీమీటర్ల మందం ఉంటే తుంటి కీలు దగ్గర మెలిపెట్టినా తట్టుకుంటుంది.

ఇన్ని మంచి గుణాలూ పదును ఉంటేనే. మొద్దుబారిన వేటకత్తి కంటే కొత్త సర్జికల్ బ్లేడు వంద రెట్లు నయం, ఇందులో నాకు సందేహం లేదు. మొద్దు కత్తిని బలమంతా పెట్టి నొక్కుతారు, జారితే అదే బలంతో తొడలోకి దిగుతుంది. కొన్ననాటి పదునుతోనే ఏళ్ల తరబడి నెట్టుకొచ్చేవాళ్లు ఎందరో. జింక వెంట్రుకల్లో మట్టి, ఇసుక ఉంటాయి. అవి ఒక్క జింకతోనే వాదరను తినేస్తాయి.

నాకు నూరడం నేర్పింది షాపులోని ఒక పెద్దాయన. నేను వచ్చిన కొత్తలో ఇక్కడి యాస ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. ఆయనకు నా ఇంగ్లీషు అర్థమయ్యేది కాదు. అందుకని మాటలు మానేసి నా మణికట్టు పట్టుకుని రాయి మీద ఆడించేవాడు. బ్లేడును రాయికి 20 డిగ్రీల వాలులో ఆనించి, ఆ వాలు చివరిదాకా మారకుండా లాగాలి. ఒక పక్క అయ్యాక బొటనవేలిని వాదరకు అడ్డంగా, బయటివైపుకి సుతారంగా తోస్తే అవతలి పక్క సన్నటి గరుకు తగులుతుంది. అది మొదలు నుంచి మొన దాకా తగిలితే తిప్పి రెండో పక్క నూరాలి. తర్వాత నున్నటి రాయి, చివర తోలు పట్టీ. రోజంతా సిమెంటు నేల మీద నిలబడి, కోల్డ్ రూమ్‌లోంచి బయటికీ లోపలికీ తిరిగే పనిలో మణికట్టు నొప్పి తప్పదు. పదునైన కత్తి ఆ నొప్పిని సగానికి తగ్గిస్తుంది. ఆయన తన సొంత రాయి నా బల్ల మీద వదిలి ఇంటికి వెళ్లిన రోజున, ఇక ఈ దేశంలో నాకు ఒక పని వచ్చు అనిపించింది.

బ్లేడు మార్చే కత్తి వైపు మొగ్గే కారణం ఒకటి మాత్రం కొట్టిపారేయలేనిది. క్రానిక్ వేస్టింగ్ డిసీజ్ అనే జింకల జబ్బు 2002లో విస్కాన్సిన్‌లో బయటపడింది. ప్రయాన్ అనే ప్రొటీన్ వల్ల వస్తుంది, మరగబెట్టినా చావదు. మనుషులకు సోకినట్టు ఇప్పటిదాకా నిర్ధారణ కాలేదు, అయినా గ్లవ్స్ వేసుకోమని, మెదడు, వెన్నుపాము జోలికి పోవద్దని, వంటింటి కత్తులు వాడొద్దని ఆరోగ్య శాఖలు చెబుతున్నాయి. తల కోయడానికి, పరీక్షకు మెడలోని గ్రంథులు తీయడానికి ఒక బ్లేడు వాడి అక్కడే తీసేయడం తేలిక. మామూలు కత్తి అయితే కండ, కొవ్వు లేకుండా శుభ్రంగా కడిగి, ఇళ్లల్లో వాడే బ్లీచ్ 40 శాతం కలిపిన నీళ్లలో ఐదు నిమిషాలు నానబెట్టాలి. స్టెయిన్‌లెస్ స్టీల్ మీది ప్రయాన్లకు అది పనిచేస్తుందని 2019లో వచ్చిన పరిశోధన తేల్చింది. ఆ బ్లీచ్ మాంసంలోకి ఇంకదు కాబట్టి ఈ లెక్క ఉక్కుకే.

ఫోన్ చేసే కుర్రాళ్లకు నేను చెప్పేది ఇది. ఒక్క కత్తే కొనేటట్టయితే స్థిరమైన బ్లేడు ఉన్న మూడున్నర, నాలుగంగుళాల కత్తి కొను, దాంతోపాటే సానరాయి కొను, సీజన్‌కు నెల ముందు నుంచి నూరడం నేర్చుకో. మోరా లాంటి చవక కత్తి అయినా సరిపోతుంది. తర్వాత ఎప్పుడైనా బ్లేడు మార్చేది తీసుకో, తోలుకూ ముందు జబ్బకూ వాడు. తుంటి దగ్గరికి రాగానే దాన్ని మూసి జేబులో పెట్టేయ్. అవుట్‌డోర్ ఎడ్జ్ కంపెనీ వాళ్ల బ్లేడు మార్చే కత్తి రేజర్‌లైట్‌లో బ్లేడు వెనక లోహపు పట్టీ దన్నుగా ఉంటుంది, కొంత నయమే. అయినా కీలు తిప్పడానికి అది కూడా కాదు.

వాడేసిన బ్లేడ్లు గట్టి ప్లాస్టిక్ డబ్బాలో వేసి మూత బిగించు. పేగుల కుప్పలో పారేస్తే గద్దలు, నక్కలు, ఎవరి కుక్కో దాన్ని తింటాయి. ఎన్ని బ్లేడ్లు తీసుకెళ్లావో, ఎన్ని తిరిగొచ్చాయో బండెక్కే ముందు లెక్కపెట్టు. లెక్క తేడా వచ్చినా, మొన విరిగినట్టు అనుమానం వచ్చినా, జింకను దింపేటప్పుడు కౌంటర్‌లో ఉన్నవాళ్లకు చెప్పు. సిగ్గుపడక్కర్లేదు. ఏ కాలు దగ్గర విరిగిందో చెబితే చాలు, ఆ తొడను గ్రైండర్‌కు పంపకుండా పక్కన పెట్టుకుని మేమే వెతుకుతాం.