రెండు ప్లేట్లు, ఒక కాలప్రమాణం: నా అనుభవం

మిషిగన్‌లోని నోవైలో ఉండే మా స్నేహితుడు కిందటి అక్టోబరులో ఒక మాట అడిగాడు. జనవరిలో తన నలభయ్యో పుట్టినరోజని, బేస్‌మెంట్‌లో చేసుకుంటున్నామని, నలభై నిమిషాల సేపు పాటలు నేనే వెయ్యాలని. ల్యాప్‌టాప్ వద్దు, ప్లేట్లే కావాలన్నాడు. అప్పటికి నా దగ్గర ప్లేట్లు తిప్పే టర్న్‌టేబుల్, పాత టెక్నిక్స్ ఎస్ఎల్-1200 ఒకటి, పదకొండు రికార్డులు ఉన్నాయి. ఒక పాట ఆగకుండా ఇంకో పాటలోకి తీసుకెళ్ళడం మాత్రం రాదు. సరేనన్నాను. వాడిన టర్న్‌టేబుల్ ఇంకోటి, రెండింటి పాటనూ కలిపే చిన్న మిక్సర్ ఒకటి కొని మొదలుపెట్టాను.

మేముండేది ఫార్మింగ్టన్ హిల్స్. కార్ల కంపెనీల పని మీద వచ్చిన తెలుగువాళ్ళు ఈ చుట్టుపక్కల ఊళ్ళ నిండా ఉన్నారు. అరగంట కారు నడిపితే డెట్రాయిట్. అయినా ఆ ఊరి సంగీతం నా చెవిన పడటానికి ఇక్కడికొచ్చాక ఆరేళ్ళు పట్టింది. హువాన్ అట్కిన్స్, రిక్ డేవిస్ కలిసి సైబోట్రాన్ పేరుతో 1981లో ‘అలీస్ ఆఫ్ యువర్ మైండ్’, 1983లో ‘క్లియర్’ తీశారు. ‘క్లియర్’ మొదటిసారి విన్న రాత్రి దాన్ని వరసగా నాలుగుసార్లు వేసుకున్నాను. యంత్రం వాయిస్తున్న దరువులో అంత దిగులు ఉంటుందని అంతకుముందు నాకు తెలియదు.

అక్కణ్ణుంచి డ్రెక్సియా దగ్గరికి వెళ్ళాను. జేమ్స్ స్టిన్సన్, జెరాల్డ్ డొనాల్డ్ అనే ఇద్దరు డెట్రాయిట్‌వాళ్ళు ఆ పేరుతో పాటలు చేశారు. బానిసలుగా తెస్తున్న ఆఫ్రికా గర్భిణులను ఓడల మీంచి సముద్రంలోకి తోసేస్తే, వాళ్ళ కడుపులోని బిడ్డలు నీళ్ళలోనే ఊపిరి పీల్చడం నేర్చుకుని అక్కడే ఒక లోకం కట్టుకున్నారన్న కథను వాళ్ళ 1997 నాటి సంకలనం ‘ది క్వెస్ట్’తో పాటు అచ్చువేశారు. ఆ కథ చదివాక ఆ పాటల్లోని బుడగల చప్పుడు వేరేగా వినిపిస్తుంది. స్టిన్సన్ 2002లో చనిపోయాడు. రోటర్‌డ్యామ్‌లోని క్లోన్ అనే లేబుల్ వాళ్ళ తొలినాళ్ళ పాటలను ఏరి, 2011 నుంచి 2013 దాకా ‘జర్నీ ఆఫ్ ద డీప్ సీ డ్వెల్లర్’ పేరుతో నాలుగు సంపుటాలుగా తెచ్చింది. మా ఇంటికి అరగంట దూరంలో పుట్టిన పాట నాకు హాలండ్ నుంచి అట్టపెట్టెలో వచ్చింది. వాళ్ళు మళ్ళీ వెయ్యకపోతే నాలాంటివాడి చేతికి అది వచ్చేది కాదు. రీఇష్యూ అంటే నాకు గౌరవం ఏర్పడింది అక్కడే.

అలాగని ప్రతి రీఇష్యూ కొనదగింది కాదు. నవంబరులో డబ్బు పెట్టి నేర్చుకున్నాను. డెబ్బైల నాటి డిస్కో పాట ఒకటి, పన్నెండంగుళాల ప్లేటు, ఆన్‌లైన్‌లో ఒక అమ్మకందారు దగ్గర 28 డాలర్లకు కొన్నాను. లేబుల్ అచ్చం పాతదానిలాగే ఉంది. వేస్తే ముసుగేసినట్టు మోగింది, సన్నగా చిటపటలు. దుమ్మేమో అనుకుని కడిగాను. మళ్ళీ అదే చోట అదే చప్పుడు. అప్పుడు అర్థమైంది, ఆ గీతలు నా ప్లేటువి కావు. ఎవరిదో అరిగిపోయిన పాత ప్లేటు నుంచి పాటను ఎక్కించుకుని, ఎవరి అనుమతీ లేకుండా అచ్చుకొట్టిన దొంగ ప్లేటు అది. పాడినవాళ్ళకి, వాయించినవాళ్ళకి అందులో పైసా వెళ్ళదు. అందుకు నాకు కోపం వచ్చింది, ఇప్పటికీ తగ్గలేదు.

అప్పటినుంచి కొనేముందు చూసుకుంటున్నాను. ఎవరి దగ్గర హక్కులు తీసుకుని వేశారో, ఏ సంవత్సరంలో వేశారో లేబుల్ మీదో అట్ట వెనకో రాసి ఉండాలి. అసలు టేపు నుంచి చేశారా అన్నది చెప్పి ఉంటే ఇంకా మంచిది. పాట అయిపోయాక లేబుల్ చుట్టూ నున్నగా మిగిలే చోట ప్లేటును కోసిన, అంటే అచ్చుకి ముందు మూల ప్లేటు మీద గాడిని చెక్కిన, మనిషి చేత్తో గీకిన గుర్తులుంటాయి. ఆ గుర్తులు చూసి ఎవరు కోశారో పోల్చుకోవచ్చు. డెట్రాయిట్ టెక్నో ప్లేట్లు ఎన్నింటినో కోసిన రాన్ మర్ఫీ చేతిరాత ఇప్పుడు నేను చూడగానే గుర్తుపడతాను.

డిస్కోకి పన్నెండంగుళాల ప్లేటే ఎందుకన్నది కూడా తెలుసుకోవాల్సిన సంగతి. న్యూయార్క్‌లో పాటలను డిస్కో కోసం మళ్ళీ మిక్స్ చేసే టామ్ మౌల్టన్ ఒక పాటకి నమూనా ప్లేటు కోయించుకోవడానికి వెళ్తే, ఏడంగుళాల ఖాళీ ప్లేట్లు అయిపోయాయని పదంగుళాల దాని మీద కోశారట. చోటు ఎక్కువుంది కదాని గాడులను ఎడంగా పరిస్తే, చప్పుడు ఎన్నడూ విననంత బలంగా వచ్చిందని ఆయనే చెప్పాడు. కారణం తేలిక. మంద్రస్వరానికి గాడి అటూఇటూ ఎక్కువ ఊగాలి. ఒక పక్కన ఐదు పాటలు ఇరికిస్తే ఊగడానికి చోటుండదు, కాబట్టి చప్పుడు తగ్గించి కోస్తారు. ఒక్క పాటే ఉంటే ఊగినంత ఊగవచ్చు. దుకాణంలో అందరికీ అమ్మిన మొదటి పన్నెండంగుళాల సింగిల్‌గా చెప్పే ‘టెన్ పర్సెంట్’ 1976లో సాల్‌సోల్ లేబుల్ మీద వచ్చింది. వాల్టర్ గిబ్బన్స్ అనే డీజే ఆ పాటను తొమ్మిది నిమిషాలు దాటించాడు. అందుకే మంచి పాట ఆల్బం రూపంలోనూ, విడి పన్నెండంగుళాల రూపంలోనూ మళ్ళీ వచ్చినప్పుడు నేను రెండోదే కొంటాను.

డిసెంబరులో చలి ముదిరింది. వాకిట్లో రెండు గంటలు పడి ఉన్న పార్సిల్ విప్పి వెంటనే వెయ్యకూడదు, ప్లేటు గది వేడికి రావాలి. ఒకటి వంగిపోయి వచ్చింది. తిరుగుతుంటే ముల్లు గుట్ట ఎక్కి దిగుతున్నట్టు లేచి పడుతోంది. అమ్మినవాళ్ళకి ఫొటోలు పంపితే మూడు వారాలకి సగం డబ్బు తిరిగిచ్చారు. ఇక హీటరు గాలికి ఇల్లంతా పొడిబారి, కవరులోంచి తీస్తే చాలు ప్లేటుకి దుమ్ము అతుక్కుంటుంది. కొత్త ప్లేటైనా లోపలి కాగితం పొడి ఉంటుంది, కడగాల్సిందే. గదిలో తేమ పెట్టే యంత్రం పెట్టాక చిటపటలు బాగా తగ్గాయి.

ఈ కడగడం దగ్గరే నాన్న ఇందులోకి వచ్చారు. అమ్మా నాన్నా సెప్టెంబరులో తెనాలి నుంచి వచ్చారు, ఆరు నెలలుంటారు. నాన్న చిన్నప్పుడు ఎనిమిదేళ్ళు మృదంగం నేర్చుకున్నారు, ఉద్యోగంలో చేరాక వదిలేశారు. నేను కార్బన్ బ్రష్‌తో తంటాలు పడుతుంటే, “ఉండరా, గాడి వెంబడి తుడవాలి గానీ అడ్డంగా కాదు” అని తన పాత మల్లు పంచె చించి, డిస్టిల్డ్ వాటర్‌లో తడిపి తుడిచి చూపించారు. వాళ్ళ మేనమామగారింట్లో ప్లేట్లు తుడిచే పని ఆయనదేనట. ఆ మాట నాకు ఎప్పుడూ చెప్పలేదు.

ఆ వారమే చరణ్‌జీత్ సింగ్ ప్లేటు వచ్చింది. బొంబాయి సినిమా వాద్యబృందాల్లో పనిచేసిన ఈయన 1982లో హెచ్ఎంవీకి పది హిందుస్తానీ రాగాలను డిస్కో దరువు మీద సింథసైజర్లతో వాయించి ఇచ్చాడు. వాడినవి రోలాండ్ కంపెనీవి మూడు: దరువుకి టీఆర్-808, మంద్రానికి టీబీ-303, రాగానికి జూపిటర్-8. ఐదేళ్ళ తర్వాత 1987లో షికాగోలో ఫ్యూచర్ బృందం అదే 303తో చేసిన పాటతో యాసిడ్ హౌస్ అనే నాట్య సంగీతానికి ఆ పేరు స్థిరపడింది. అప్పుడు పెద్దగా ఎవరూ కొనని సింగ్ ప్లేటును ఎడో బౌమన్ అనే డచ్ సేకర్త తన బాంబే కనెక్షన్ లేబుల్ మీద 2010లో మళ్ళీ వేశాడు. నాకు అది వాడిన ప్లేటుగా దొరికింది.

నేను అంతకుముందు నిమిషానికి 45 చుట్లు తిరిగే సింగిల్ వేసి, మీట మార్చడం మరిచిపోయాను. ప్లేటు వేసిన కాసేపటికి నాన్న చెయ్యెత్తారు. “ఎవరో తరుముతున్నట్టుంది. జారు గమకం ఇంత పరుగెత్తదు.” 33కి మార్చాను. పాట కుదురుగా కూర్చుంది. నాన్న కళ్ళు మూసుకుని, “ఇందాక మధ్యమం మీద ఉన్నది ఇప్పుడు షడ్జమానికి దిగింది. ఇది మన మోహన కదరా” అన్నారు. అట్ట చూస్తే భూపాలి. తర్వాత లెక్కవేశాను. 33⅓ నుంచి 45కి వెళ్తే వేగం 1.35 రెట్లవుతుంది, శ్రుతి ఐదు స్వరస్థానాలకు కాస్త పైన. దాదాపుగా షడ్జమం నుంచి శుద్ధ మధ్యమం. ఆ రోజు సాయంత్రం మాల్కౌన్స్ హిందోళమని, యమన్ కల్యాణి అని ఒక్కొక్కటే చెప్పుకుంటూ ప్లేటంతా విన్నారు.

కలపడం ఒక్కటే కుదరడం లేదు. పని ఇదీ: మొదటి పాట గదిలో మోగుతుంటే, రెండోదాన్ని ఒక చెవిలో హెడ్‌ఫోన్‌తో విని, టర్న్‌టేబుల్ పక్కనున్న మీటతో వేగం సరిచేసి, చేత్తో ఆపి పట్టుకున్న ప్లేటును సరైన దెబ్బ మీద వదలాలి. మీట అటూఇటూ ఎనిమిది శాతం దాకా జరుగుతుంది. నేను వదిలిన ప్రతిసారీ దెబ్బలు కలిసినా పాటలు కలిసేవి కావు. ఒకదాని మధ్యలో రెండోది దూరినట్టుండేది.

సోఫాలో కూర్చుని నాన్న తొడ మీద తాళం వేస్తున్నారు. “నువ్వు నాలుగు లెక్కపెడుతున్నావు. ఎనిమిది పెట్టు. ఆది తాళం. అది కూడా నాలుగు ఆవర్తనాలు అయ్యేదాకా ఆగు, అక్కడ వాడు కొత్త వాద్యం తెస్తున్నాడు.” నిజమే. డిస్కో పాటలో ముప్ఫై రెండు దెబ్బలకోసారి ఏదో ఒకటి వచ్చి చేరుతుంది, లేదా తప్పుకుంటుంది. దెబ్బ, మూడు వేళ్ళు, దెబ్బ, విసురు, దెబ్బ, విసురు. నాలుగుసార్లు. నాలుగో ఆవర్తనం చివర ప్లేటు వదిలితే రెండో పాట మొదటిదాని సమం మీద దిగింది. చిన్నప్పుడు నాన్న నేర్పబోతే నేను పారిపోయిన తాళం అది.

ఎలక్ట్రోతో, అంటే ‘క్లియర్’, డ్రెక్సియా లాంటి యంత్రాల దరువు పాటలతో, ఇంకో చిక్కుంది. డిస్కోలో పెద్ద డ్రమ్ము ప్రతి దెబ్బకీ మోగుతుంది కాబట్టి పట్టు దొరుకుతుంది. ఎలక్ట్రోలో అది విరిగి, తప్పించి పడుతుంది. దాన్ని పట్టుకుంటే మోసపోతాం, చప్పట్ల శబ్దాన్ని పట్టుకోవాలి. అయితే యంత్రం కాబట్టి ఒకసారి కలిస్తే ఇక చెదరదు. ‘టెన్ పర్సెంట్’ లాంటి ఫిలడెల్ఫియా పాటలు అలా కాదు. అక్కడ ఎర్ల్ యంగ్ అనే మనిషి కూర్చుని డ్రమ్ములు వాయిస్తున్నాడు. అర నిమిషం కలిసి నడిచి, పల్లవి దగ్గర పాట వెంట్రుకవాసి ముందుకు జరుగుతుంది. ప్లేటు అంచున వేలు ఆనించి ఆపుతూ, తోస్తూ ఉండాలి. “ఉత్సాహం వచ్చింది వాడికి, నువ్వే సర్దుకో” అన్నారు నాన్న.

శ్రుతి గొడవ కూడా ఆయనే పట్టుకున్నారు. వేగం ఆరు శాతం పెంచితే శ్రుతి ఒక స్వరస్థానం పెరుగుతుంది. తాళం కలిసినా రెండు పాటల పాడేభాగాలు ఒకదాని మీద ఒకటి పడితే అపశ్రుతి. దానికి మందు ప్లేటులోనే ఉంది. పన్నెండంగుళాల మిక్సుల్లో చాలావాటికి మొదట్లోనో చివర్లోనో దరువు మాత్రమే ఉంటుంది, అక్కడ కలపాలి. మధ్యలో అందరూ ఆగి డ్రమ్ము ఒక్కటే మోగే చోటును బ్రేక్ అంటారు. అది విని నాన్న, కచేరీలో మృదంగం ఒక్కటే మోగే చోటును గుర్తుచేసుకుని, “తని ఆవర్తనం” అన్నారు. మౌల్టన్ దాన్ని ఎలా కనిపెట్టాడో చెప్పాను: 1974లో ఒక పాటను పొడిగించబోతే, అది చివర్లో శ్రుతి మార్చి పైకి వెళ్ళింది. మళ్ళీ మొదటికి కలపడానికి దారిలేక స్వరాలన్నీ తీసేసి దరువు మాత్రం ఉంచి, చెవి పాత శ్రుతి మరిచాక పాటను మొదలుపెట్టాడు. నాన్న చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, “ఆ ముక్క మళ్ళీ చెప్పు” అన్నారు.

రోజూ రాత్రి భోజనాలయ్యాక గంటన్నర. క్రిస్మస్ సెలవుల్లో ఇంకా ఎక్కువ.

జనవరిలో ఆ శనివారం ఎనిమిది ప్లేట్లు తీసుకెళ్ళాను. ‘టెన్ పర్సెంట్’ నుంచి మొదలుపెట్టి, సగానికి ‘క్లియర్’ దగ్గరికి చేరాను. ఏడుసార్లు కలిపితే ఐదు నిలబడ్డాయి. ఒకటి జారింది, ఒకచోట పాటను పూర్తిగా ఆపి మళ్ళీ మొదలుపెట్టాను. ఒకావిడ తెలుగు పాట అడిగారు. నా దగ్గర తెలుగు ప్లేటు ఒక్కటీ లేదు, ఆ మాట అప్పుడు గుచ్చుకుంది. చివరిది మాల్కౌన్స్. డ్రెక్సియా దరువు మీదికి 303 మంద్రం వచ్చి చేరినప్పుడు, నిలబడి కబుర్లు చెప్పుకుంటున్నవాళ్ళు కూడా కదిలారు. నాన్న మెట్ల మీద కూర్చుని, చేత్తో తాళం వేస్తూ, నాలుగో ఆవర్తనం దగ్గర నావైపు చూసి తల ఊపారు.

మార్చిలో వెళ్ళేటప్పుడు సూట్‌కేసులో పంచెల మధ్య చరణ్‌జీత్ సింగ్ ప్లేటు పెట్టుకున్నారు. తెనాలి ఇంట్లో అటక మీద పాత ప్లేయర్ ఉంది, తిరగడం మానేసి చాలా ఏళ్ళయింది. విజయవాడలో బాగుచేసే మనిషి ఒకాయన ఉన్నాడని తెలిసి నిన్న బస్సెక్కారు. ముల్లు ఏ నంబరుది కావాలో ఫొటో తీసి పంపమన్నాను, ఇంకా రాలేదు.