కోత పండుగలో సొరకాయ ధర

సంతలో 30 రూపాయలకు దొరికే సొరకాయ చర్చి ఆవరణలో 500 పలుకుతుంది. వేలంలో అంత పెట్టి పాడుకున్నాయన దాన్ని ఇంటికైనా తీసుకుపోడు, "మళ్ళీ పాట పెట్టండన్నా" అని బల్ల మీదే వదిలేస్తాడు, దాన్నే ఇంకొకరు ఇంకో 300కి పాడుకుంటారు. కోత పండుగ, అంటే సంఘంవాళ్ళు కానుకగా తెచ్చిన పంటనూ వస్తువులనూ చర్చిలోనే వేలం వేసి ఆ డబ్బు సంఘానికి చేర్చే పండుగ, ఎప్పుడూ చూడనివాళ్ళకు ఇదంతా పిచ్చిపనిలా ఉంటుంది, నిజం చెప్పాలంటే లెక్కప్రకారం పిచ్చిపనే.

మన చిత్తూరు వైపు పల్లె సంఘాల్లో అయితే వేరుశనక్కాయలు, బెల్లం, చింతపండు, రాగులు, కాళ్ళు కట్టేసిన నాటుకోడి వస్తాయి. తిరుపతి టౌన్లో పొలం ఉన్నవాళ్ళు ఎంతమంది? అందుకే ఇక్కడి బల్ల మీద కేకులు, బిస్కెట్ ప్యాకెట్లు, కుండీలో కాసిన నాలుగు వంకాయలు, ఒక పెద్దమ్మ కొంగులో దాచుకొచ్చిన రెండు కోడిగుడ్లు కూడా ఉంటాయి. వేలం వేసేది ఎప్పుడూ నోరున్న సంఘపెద్దే. మూడోసారి అనేముందు ఆయన ఎవరెవరి వైపు చూస్తాడో, ఎవరిని ఎంతదాకా లాగొచ్చో ఆయనకు తెలుసు, ఎందుకంటే వాళ్ళ ఇళ్ళలో పెళ్ళిళ్ళకూ చావులకూ వెళ్ళినవాడు.

ఈ పండుగకు ఆధారంగా చాలామంది చదివేది బైబిల్లోని ద్వితీయోపదేశకాండము 26వ అధ్యాయం. ప్రథమ ఫలాలను గంపలో పెట్టుకుని యాజకుని దగ్గరకు పోయినవాడు "దేవా, నాకు మంచి పంట ఇచ్చావు, వందనాలు" అని రెండు ముక్కల్లో తేల్చేసి రావచ్చు కదా, కానీ అక్కడ వాడు పెద్ద కథే చెప్పాలి. మా పితరుడు ఐగుప్తుకు (ఈజిప్టుకు) పరదేశిగా పోయాడు, అక్కడివాళ్ళు మమ్మల్ని బాధపెట్టారు, మేము మొరపెట్టాం, ఆయన మమ్మల్ని బయటికి తెచ్చాడు అని. గంప పట్టుకుని నిలబడ్డది ఒక్కడే, చెప్పేది జనమందరి కథ. ఆ తర్వాత 11వ వచనంలో ఆ మేలును బట్టి నీవూ లేవీయులూ మీ మధ్యనున్న పరదేశీ సంతోషించాలని ఉంది. దేవుని మందిర సేవ చేసే గోత్రంవాడైన లేవీయుడికి సొంత భూమి స్వాస్థ్యం లేదు, పరదేశికీ లేదు. పంట లేనివాళ్ళకు పండుగలో వాటా ఇచ్చిన వచనం అది, నాకు ఈ అధ్యాయంలో అన్నిటికన్నా ఇష్టమైనది కూడా అదే.

జర్మనీ నుంచి హెర్మన్స్‌బర్గ్ మిషన్ వాళ్ళు 1865లో మన దక్షిణాంధ్రలో పని మొదలుపెట్టారు, ఆ పరంపరలోని లూథరన్ సంఘానికి ఇవాళ తిరుపతే కేంద్రం. చిత్తూరు, మదనపల్లె వైపు ఆర్కాట్ మిషన్ పనిచేసింది. ఈ మిషన్ల కాలంలో పల్లెల్లో సంఘాల్లో చేరినవాళ్ళు చాలావరకు సొంత భూమి చెక్క లేని కూలీలు. పొలం వేరేవాళ్ళది, కూలిగా కొలిచిన గింజలే తమవి. వాళ్ళకు కోత పండుగ చేసుకునే హక్కు ఎక్కడిది అంటే, ఆ 11వ వచనమే.

ఇప్పటి తిరుపతిలో పరదేశులకు కొదవా? కడప నుంచో అనంతపురం పల్లెల నుంచో రోగిని తెచ్చి రుయా ఆసుపత్రిలోనో స్విమ్స్ ఆసుపత్రిలోనో చేర్పించి, బయట చాప పరుచుకుని పడుకునే అటెండెంట్లు, హాస్టళ్ళలో ఉండి చదువుకునే పిల్లలు. ఎక్కడో మదనపల్లె అవతల సంఘంలోని పాస్టరుగారు ఇక్కడి పాస్టరుగారికి ఫోన్ చేసి "మావాళ్ళొకరు వార్డులో ఉన్నారు, చూడండయ్యా" అంటే, సాయంత్రానికి స్త్రీల సమాజం అక్కలు ఇద్దరు క్యారియర్ పట్టుకుని వెతుక్కుంటూ వస్తారు. పేషెంటు ముఖం అంతకుముందు ఎప్పుడూ చూసి ఉండరు, అయినా మంచం పక్కన నిలబడి ప్రార్థన చేస్తారు, బయటికొచ్చి "డబ్బులకు ఎట్లా చేస్తున్నారమ్మా" అని మెల్లగా అడుగుతారు. సంఘంలో బీదల సహాయానికి తీసిపెట్టింది ఏమైనా ఉంటే అందులో ఆ సొరకాయ డబ్బూ ఉంటుంది, చర్చి గోడల సున్నానికీ కరెంటు బిల్లుకూ పోగా!

అంతా ఇంత బాగుంటుందని చెబితే అబద్ధం. ఎక్కువ పాడినవాళ్ళ పేర్లు మైకులో పదిసార్లు వినిపిస్తాయి, ఆ రెండు గుడ్లు తెచ్చిన పెద్దమ్మ పేరు ఎవరూ చదవరు. ఉంగరం పెట్టుకుని వచ్చినవాడికి మంచి చోటు, బీదవాడికి కాళ్ళ దగ్గర చోటు వద్దని యాకోబు పత్రిక 2వ అధ్యాయం అంత సూటిగా తిట్టినా, కులం మాట కొన్ని సంఘాల్లో సంఘ ఎన్నికల రోజున బయటపడుతూనే ఉంది. దీనికి విసుగొచ్చి చర్చికి రావడం మానేసినవాళ్ళను నేను తప్పుపట్టలేను. కానీ ఒక్కటి అడుగుతాను, ఆ పెద్దమ్మ పేరు చదవమని మీరు కాకపోతే ఎవరు చెప్పాలి?

"ఫోన్లో ఇంతకన్నా మంచి వాక్యం వస్తోంది కదా" అంటారు. వస్తుంది, ఒప్పుకుంటాను, మా ప్రసంగాలు ఒక్కోసారి మరీ సాగుతాయి. అయితే ఫోన్లో మూడు వారాలు కనబడకపోయినా "ఏం పాపా, ఒంట్లో బాగలేదా" అని అడిగేవాళ్ళు ఉండరు. ఆ ప్రశ్న అప్పుడప్పుడు చిరాకు కూడా తెప్పిస్తుంది లెండి.

తిరుపతికి కొత్తగా వచ్చినవాళ్ళయితే మీ ఊరి పాస్టరుగారి చేత ఒక ఉత్తరం రాయించుకుని రండి, లేకపోయినా గేటు దగ్గర ఎవరూ ఆపరు. ఆరాధన అవగానే బస్సుకు పరుగెత్తకండి, కాసేపు ఆగితే ఎవరో ఒకరు పేరూ ఊరూ అడుగుతారు. అది కోత పండుగ ఆదివారమైతే వేలంపాట పాడటానికి చేతిలో డబ్బుల్లేవని వెనక్కి తగ్గొద్దు, వేలం అయ్యేదాకా కూర్చోండి, భోజనం పెడితే తిని వెళ్ళండి.