లీష్మన్ మరకలు

మన బ్యాచ్ సంచికకు ఏదో ఒకటి రాసిమ్మని కమిటీ వాళ్లు వదలడం లేదు. టూరు, హాస్టల్ సాంబారు, వీడ్కోలు సభలో మైకు గొడవ మిగతావాళ్లు ఎలాగూ రాస్తారు. నా వంతు హెమటాలజీ (రక్త పరీక్షల) ల్యాబు, మన మేడమ్, ఆ తోక, అంటే స్లైడు మీద పరిచిన రక్తం పొర (స్మియర్) చివర పలచబడే కొస.

తోక లేని స్మియర్‌ను మేడమ్ మైక్రోస్కోపు దాకా రానిచ్చేవారు కాదు. స్లైడు చివర ఓ సెంటీమీటరు వదిలి చిన్న చుక్క. రక్తాన్ని పరిచే గాజుపలక, స్ప్రెడర్‌ను వెనక్కి జరిపి చుక్కకు తాకించి, రక్తం అంచు పొడవునా పాకాక 30 నుంచి 45 డిగ్రీల వాలులో ఒక్క ఊపున ముందుకు. రక్తహీనత ఉంటే వాలు పెంచాలి, రక్తం చిక్కగా ఉంటే తగ్గించాలి. చెయ్యి తటపటాయిస్తే అడ్డచారలు, స్లైడు జిడ్డుగా ఉంటే చిల్లులు.

ఆరాక లీష్మన్ అనే రంగు (స్టెయిన్) పోసి 2 నిమిషాలు. అందులోని మిథనాలే కణాలను స్లైడుకు పట్టి ఉంచేది. సీసా మూత తెరిచిపెడితే దానికి తేమ తగిలి ఎర్రకణాల్లో మెరిసే గుంటలు కనిపిస్తాయి. వానాకాలంలో ఆ తిట్లు ఎవరికి పడేవో చెప్పనక్కర్లేదు. తర్వాత స్టెయిన్‌కు రెట్టింపు బఫర్ నీళ్లు (ఆమ్ల-క్షార స్థాయిని నిలకడగా ఉంచేవి), పీహెచ్ అనే ఆ స్థాయి 6.8, మరో 7 నుంచి 10 నిమిషాలు. బఫర్ క్షారం వైపు మొగ్గితే ఎర్రకణాలు నీలం తిరుగుతాయి, ఆమ్లం వైపైతే కేంద్రకాలు వెలిసిపోతాయి. కడిగేటప్పుడు ముందు స్టెయిన్ వంచెయ్యకూడదు, నీళ్లు పోస్తూ పైకి తేల్చి పంపెయ్యాలి. వంచేస్తే పైనున్న తెట్టు స్లైడు మీదే దిగి ఊదా నలుసులవుతుంది. ఆ నలుసులను చూసి బేసోఫిళ్లు (ఊదా రేణువులున్న అరుదైన తెల్లకణాలు) ఆరు శాతమని రాసిన మహానుభావుడా, మామూలుగా ఒకటి దొరికితే గొప్ప!

అసలు పరీక్ష తెల్లకణాల్లో ఏ రకం నూటికి ఎన్నో లెక్కపెట్టడంలోనే. న్యూట్రోఫిళ్లు, మోనోసైట్లు అంచులకూ తోకకూ కొట్టుకుపోతాయి, లింఫోసైట్లు నడుమన మిగులుతాయి. ఒక్కచోటే కూర్చుని నూరు లెక్కపెడితే ఏదో ఒకటి తప్పక పెరుగుతుంది. అందుకే కోటగోడ పళ్లలా అంచు నుంచి లోపలికి, పక్కకు, మళ్లీ బయటికి జరపడం. ఇయోసినోఫిల్‌ను ఎవరూ తప్పరు: కేంద్రకానికి రెండు తమ్మెలు, చుట్టూ లావుపాటి నారింజ రేణువులు. తగాదా అంతా మోనోసైటుకూ పెద్ద లింఫోసైటుకూ మధ్యే. సైటోప్లాజమ్ (కేంద్రకం చుట్టూ ఉండే కణద్రవ్యం) బూడిద నీలంగా, మసక గాజులా, అక్కడక్కడా బుడగలతో ఉండి, కేంద్రకం మడతపడితే మోనోసైటు. లేత నీలంగా, తేటగా ఉంటే లింఫోసైటు.

ఇప్పుడు మా ఊళ్లో నా ల్యాబులోనూ ఐదు రకాల తెల్లకణాలను వేరుచేసి లెక్కించే ఫైవ్‌పార్ట్ మిషన్ ఉంది, నిమిషంలో అంకెలిస్తుంది. డెంగీ రోజుల్లో ప్లేట్‌లెట్లు 30 వేలంటూ అది ఎర్రజెండా ఎగరేస్తే మా పిల్లలు ముందు స్లైడు వేస్తారు. తోకలో ప్లేట్‌లెట్లు గుంపులు కట్టి ఉంటే అది జబ్బు కాదు, రక్తం గడ్డకట్టకుండా ట్యూబులో వేసే ఈడీటీఏ చేసిన పని. దానికి బదులు సిట్రేట్ ద్రవం ఉన్న ట్యూబులో మళ్లీ రక్తం తీసి, ఆ ద్రవంతో రక్తం పలచబడుతుంది కాబట్టి వచ్చిన అంకెను 1.1తో గుణిస్తాం. అందులోనూ గుంపులే కనిపిస్తే అంకె ఇవ్వం, స్మియర్‌లో చూసింది చూసినట్టు రాస్తాం. స్లైడు చూడకుండా వచ్చిన ఆ 30 వేలు మాత్రం నా సంతకంతో గడప దాటదు.