వానకు ముందు వచ్చే గాలిదుమారం

హైదరాబాద్‌లో ఏప్రిల్, మే నెలల సాయంత్రాలు గాలిదుమారం లేస్తే కరెంటు పోతుందేమోనని, ఆరేసిన బట్టలు ఎగిరిపోతాయేమోనని కంగారు పడతామే తప్ప ఆ కాసేపట్లో ఎంత దుమ్ము పీల్చామన్నది పట్టించుకోము. ఉబ్బసం ఉన్న మా పెద్దమ్మ మా ఇంట్లోనే ఉంటుంది కనుక నాకు ఆ ధీమా లేదు.

ఉత్తరాదిన వీచే ఆంధీకి, అంటే అక్కడి గాలిదుమారానికి, థార్ ఎడారి ఇసుక తోడవుతుంది. మనకు ఎడారి లేకపోయినా, ఉరుముల మేఘంలో చల్లబడి బరువెక్కిన గాలి ఒక్కసారిగా నేలకు దిగి నలువైపులా విసురుగా పరుచుకున్నప్పుడు, కోకాపేట, నార్సింగి, తెల్లాపూర్ వైపు పునాదుల కోసం తవ్విపోసిన మట్టీ, టార్పాలిన్ కప్పని రోబో శాండ్ (రాళ్లు పిండి చేసిన ఇసుక) కుప్పలూ ఆ కొరత తీరుస్తాయి.

కంటికి కనిపించే పెద్ద రేణువులు చాలావరకు ముక్కు, గొంతు దగ్గరే ఆగిపోతాయి. 10 మైక్రాన్లలోపువి (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) శ్వాసనాళాల్లోకి, 2.5 మైక్రాన్లలోపువి ఊపిరితిత్తుల్లోని గాలిగదుల దాకా చేరతాయి. మన జాతీయ ప్రమాణాల ప్రకారం 24 గంటల సగటున ఘనపు మీటరు గాలిలో మొదటి రకం 100, రెండో రకం 60 మైక్రోగ్రాములు మించకూడదు. అయితే అరగంట దుమారం ఆ రోజంతటి సగటులో కలిసిపోయి, అంకె అంత భయపెట్టేదిగా కనిపించకపోవచ్చు. అప్పటికే వాచి ఉన్న ఉబ్బసం రోగి శ్వాసనాళాలకు ఆ అరగంటే చాలు: కండరాలు బిగుసుకుంటాయి, కళ్లె పెరుగుతుంది, ఒక్కోసారి కొన్ని గంటలు ఆగి, ఇంటిల్లిపాదీ పడుకున్నాక పిల్లికూతలు మొదలవుతాయి.

వాన పడితే గాలి శుభ్రపడుతుందన్నది కూడా సగమే నిజం. 2016 నవంబరులో మెల్‌బోర్న్‌లో ఉరుముల గాలివాన గడ్డి పుప్పొడిని మోసుకొచ్చింది. తేమకు పగిలిన ఆ రేణువుల వల్ల వేలమంది ఊపిరాడక ఆసుపత్రులకు పరుగెత్తగా పదిమంది మరణించారు.

మబ్బు కమ్మగానే మేము కిటికీలు మూసేస్తాము. దుమారం తగ్గాక కిటికీ దోమతెర మీద వేలు రాస్తే, ముఖానికి రాసుకునే పౌడరంత మెత్తటి ఎర్రదుమ్ము అంటుకుంటుంది. దాన్ని చీపురుతో ఊడిస్తే మళ్లీ గాల్లోకే లేస్తుంది కాబట్టి తడిబట్టతోనే తుడుస్తాము. ముక్కుకు చేతిరుమాలు కట్టుకుంటే సన్నరేణువులు ఆగవు, బయటికి వెళ్లక తప్పనప్పుడు ఎన్95 మాస్కు సరిగ్గా బిగించుకోవాలి. పెద్దమ్మ వాపు తగ్గించే ఇన్‌హేలర్‌ను ఆయాసం లేని రోజుల్లోనూ స్పేసర్ (మందు లోపలికి బాగా చేరేందుకు ఇన్‌హేలర్‌కు తగిలించే గొట్టం) పెట్టుకుని తీసుకుంటుంది. ఆయాసం వచ్చినప్పుడు వాడేది పక్కనే ఉంటుంది. మృగశిర కార్తెకు చేప ప్రసాదం కోసం నాంపల్లిలో బారులు తీరేవారి నమ్మకాన్ని నేను వెక్కిరించను గానీ, దాన్ని నమ్ముకుని ఇన్‌హేలర్ మానేయడం మాత్రం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే.

ఇంట్లో ఎంత జాగ్రత్తపడినా దుమ్ము పుట్టేది బయటే. దుమ్ము ఎక్కువున్న నగరాల్లో నిర్మాణ స్థలాల దగ్గర మట్టిని, ఇసుకను కప్పి ఉంచాలని, నీళ్లు చల్లాలని కేంద్ర పర్యావరణ శాఖ 2018లోనే నిబంధనలు తెచ్చింది. మా వీధి చివర కడుతున్న భవనానికి పైదాకా పచ్చవల కట్టారు. కింద మట్టికుప్ప మీద మాత్రం ఇప్పటికీ ఏమీ కప్పలేదు.